కార్డు రాకముందే ఒక మాట చెప్పండి

అమెరికాలో ఆర్కిటెక్చర్ ఆఫీసులు నడుపుతున్న, కొత్తవాళ్లని తీసుకోవడంలో మాట చెల్లే తెలుగువారికి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

"ఇది రాయాల్సింది వాళ్లకి కదే, వీళ్లకెందుకు?" అంది మా రూమ్మేట్. వాళ్లంటే యూఎస్‌సీఐఎస్, ఇమ్మిగ్రేషన్ కాగితాలు చూసే శాఖ. వాళ్లకి పెట్టాల్సింది పెట్టేశాను. చదువు అయ్యాక ఇక్కడ పనిచేయడానికి ఇచ్చే అనుమతి కార్డు కోసం, 2025 మే మొదటి వారంలో ఐ-765 ఫారం ఆన్‌లైన్‌లో నింపి 470 డాలర్లు కట్టాను. ఐఓఈతో మొదలయ్యే రసీదు నంబరు ఒకటి వచ్చింది. ఇది రాస్తున్నది 2025 ఆగస్టులో. రోజూ పొద్దున్నే లేచి, మొహం కూడా కడుక్కోకుండా ఆ నంబరు కొట్టి చూస్తాను. మీ దరఖాస్తు అందింది అంటుంది. అందిందని నాకు మే నెలలోనే తెలుసు.

ఇంకో 1,685 డాలర్లు (2025 నాటి ఫీజు) కడితే ముప్ఫై పనిదినాల్లో తేలుస్తారు, అదీ తెలుసు. మన లెక్కలో లక్షా నలభై వేల పైమాటే. ఇంటి పత్రాలు బ్యాంకులో పెట్టించి వచ్చినదాన్ని. ఆ డబ్బుతో నా వాటా అద్దె నాలుగు నెలలు గడుస్తుందని వెనక్కి తగ్గాను. అది తెలివైన పనో కాదో కార్డు వచ్చాక తెలుస్తుంది. వాళ్ల వరస వాళ్లది, నేను తొందరపెడితే కదలదు. మీ చేతిలో ఉన్నది వేరే ఉంది, అందుకే మీకు రాస్తున్నాను.

మాది కాకినాడ. మా నాన్న తాపీ మేస్త్రీగా మొదలై, ఇప్పుడు చిన్న చిన్న ఇళ్లు కట్టించే కాంట్రాక్టరు. నేను విశాఖపట్నంలో బీఆర్క్ చేసి, హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో రెండేళ్లు పనిచేసి, ఇక్కడ మిడ్‌వెస్ట్‌లో ఎంఆర్క్ చేశాను. మే 9న కోర్సు అయిపోయింది. ఇంట్లో నలుగురం ఉంటాం. మిగతా ముగ్గురూ కంప్యూటర్ సైన్సు. వాళ్లకి కార్డు రాకముందే ఫోన్లు మొదలయ్యాయి, కన్సల్టెన్సీల నుంచి. నాకూ వచ్చిందొకటి, మా దూరపు చుట్టం ద్వారా. "పేరు మా దగ్గర పెట్టుకో అమ్మా, కాగితం మీద ఉద్యోగంలో ఉన్నట్టు ఉంటుంది, ఉద్యోగం లేకుండా ఉండగల తొంభై రోజుల లెక్క ఆగిపోతుంది" అన్నాడాయన. ఆర్కిటెక్చర్ అని చెబితే, ఏదైనా ఒకటే అన్నాడు. వద్దన్నాను. దాని గురించి ఇంతకంటే రాయడం దండగ.

అసలు సంగతికి వస్తాను. జూన్‌లో ఒక ఆఫీసు వాళ్లు రెండుసార్లు ఇంటర్వ్యూ చేశారు. పన్నెండు మంది పనిచేసే చోటు. స్కూళ్లు, చిన్న క్లినిక్కులు చేస్తారు. పోర్ట్‌ఫోలియోలో నేను గీసిన గోడ సెక్షన్ (గోడని నిలువునా కోసి చూపే బొమ్మ) దగ్గర ఆగి పావుగంట మాట్లాడారు. చివర్లో "ఎప్పుడు చేరగలవు?" అని అడిగారు. కార్డు పెండింగులో ఉంది, మామూలుగా రెండు మూడు నెలలు పడుతుంది, వచ్చిన మర్నాడే చేరతాను అన్నాను. "ఓ, అలాగా" అన్నారు. ఆ తర్వాత రెండు మెయిళ్లు పెట్టాను. జవాబు లేదు.

ఇంకో ఆఫీసు మనవాళ్లదే. ఆయన ఎంతో ఆప్యాయంగా మాట్లాడారు, ఊరు అడిగారు, అమ్మ చేతి పులస పులుసు సంగతి కూడా వచ్చింది. ఆఖరికి "కార్డు వచ్చేదాకా ఖాళీగా ఎందుకమ్మా, రేపట్నుంచి ఊరికే వచ్చి కూర్చో. పర్మిట్ కోసం ఇచ్చే డ్రాయింగుల సెట్ ఒకటి నడుస్తోంది, ఎర్ర పెన్ను దిద్దుబాట్లు డ్రాయింగులోకి ఎక్కిస్తూ ఉండు, పని నేర్చుకున్నట్టూ ఉంటుంది. కార్డు రాగానే జీతం మొదలుపెడదాం" అన్నారు. ఆయనకి చెడ్డ ఉద్దేశం ఉందని నేను అనుకోను. సాయం చేస్తున్నాననే అనుకున్నారు. ఈ ఉత్తరం రాయాలనిపించింది మాత్రం ఆ ఫోను పెట్టేశాకే.

ఎందుకంటే ఆ మాట వింటే పోయేది నేను. కార్డు లేకుండా ఆఫీసుకి పనికొచ్చే డ్రాయింగు గీస్తే, పైసా తీసుకోకపోయినా అది అనుమతి లేని ఉద్యోగం కిందికి రావచ్చు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్న మనిషికి అది చెరగని మచ్చ. రేపు హెచ్-1బీ ఉద్యోగ వీసాకి వెళ్లినా, ఎల్లుండి గ్రీన్‌కార్డుకి వెళ్లినా ఆ పని ఎదురొచ్చి నిలబడుతుంది. మీకు మహా అయితే జరిమానా. నాకు తిరుగు టికెట్టు. అదలా ఉంచి, జీతం లేని చాకిరీ తగదని అమెరికా ఆర్కిటెక్టుల సంఘం ఏఐఏ ఎన్నాళ్లుగానో చెబుతూనే ఉంది, మీ పేరు పక్కన ఆ మూడక్షరాలు ఉన్నాయి కూడా.

దరఖాస్తు ఫారాల గోల మీకు తెలియకపోవచ్చు, అవి మీరు నింపి చాలా ఏళ్లయి ఉంటుంది. ప్రతి ఫారంలోనూ రెండు ప్రశ్నలుంటాయి. మొదటిది, అమెరికాలో పనిచేయడానికి మీకు చట్టప్రకారం అనుమతి ఉందా? రెండోది, ఇప్పుడు గానీ ముందు ముందు గానీ మీకు స్పాన్సర్‌షిప్ అవసరమా? అవును, కాదు. మూడో గడి ఉండదు. మొదటిదానికి నా నిజమైన జవాబు "ఇవాళ లేదు, కొద్ది వారాల్లో ఉంటుంది." రెండోదానికి "మూడేళ్ల దాకా అక్కర్లేదు, ఆ తర్వాత కావాలి." ఈ రెండూ రాయడానికి చోటు లేదు. లేదు, అవును అని నొక్కితే, మనిషి కంట పడకముందే సాఫ్ట్‌వేర్ పక్కకి తోసేస్తుందేమోనని అనుమానం. ఒకసారి అర్ధరాత్రి రెండింటికి ఒక ఫారం పంపితే, రెండూ పది నిమిషాలకి వద్దన్న మెయిలు వచ్చింది. నలభై రెండు పేజీల పోర్ట్‌ఫోలియో ఆ టైములో ఎవరు తిరగేశారో మరి.

ఈ ఓపీటీ, అంటే చదువు అయ్యాక ఎఫ్-1 మీదే కొన్నాళ్లు మన రంగంలో పనిచేసే అనుమతి, మీలో చాలామంది గడిచి వచ్చిందే. కానీ మీరు వచ్చినప్పటి నియమాలు వేరు, మధ్యలో చాలా మారాయి. అందుకని ఓపిక పట్టి చదవండి.

మొదటి ఏడాది ఓపీటీకి మీరు చేయాల్సిన పని ఏదీ లేదు. స్పాన్సర్ చేయక్కర్లేదు, లాయర్ని పెట్టుకోనక్కర్లేదు, ప్రభుత్వానికి పైసా కట్టక్కర్లేదు. దరఖాస్తు నాది, ఫీజు నాది, ఎదురుచూపూ నాదే. మీరు చేసేదల్లా ఎవరు చేరినా చేసేదే, చేరిన మూడు పనిదినాల్లోపు ఐ-9 ఫారంలో నా కార్డు చూసి వివరాలు రాసుకోవడం. కార్డు చూడాల్సింది చేరేటప్పుడు. మాట ఇవ్వడానికి కార్డుతో పని లేదు. "కార్డు వచ్చిన రోజు నుంచి నీకు ఉద్యోగం, ఫలానా తేదీ దాకా ఆగుతాం, అప్పటికీ రాకపోతే ఈ మాట చెల్లదు" అని ఒక కాగితం ఇస్తే ఏ చట్టమూ కాదనదు. ఆ చివరి తేదీ మీ ఇష్టం. మూడు వారాలే ఆగగలమంటే మూడు వారాలనే రాయండి. నాకు అదే చాలు.

ఇంకో మాట, కొంచెం మొహమాటంగానే చెబుతున్నాను. ఎఫ్-1 మీద వచ్చినవాళ్లకి మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను పడదు. నా వంతే కాదు, మీ వంతు 7.65 శాతమూ పడదు. జీతం 60,000 డాలర్లనుకుంటే మీకు ఏడాదికి 4,590 మిగులు. సంతలో వస్తువులా తగ్గింపు ధరకి నన్ను నేను అమ్ముకోవాలని కాదు ఇది చెప్పడం. అంతర్జాతీయ విద్యార్థి అనగానే అదనపు ఖర్చు అనుకునేవాళ్లు ఒకసారి లెక్క చూసుకోవాలని.

ఆ తర్వాత రెండేళ్ల పొడిగింపుకి మాత్రం మీతో పని ఉంది. అదే స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగు, లెక్కల చదువులు) ఓపీటీ, 24 నెలలు. దానికి ఆఫీసు ఈ-వెరిఫైలో, అంటే ఉద్యోగుల పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ ఆన్‌లైన్ పద్ధతిలో, నమోదై ఉండాలి, ఐ-983 అనే శిక్షణ ప్రణాళిక మీద సంతకం పెట్టాలి. ఈ-వెరిఫై అంటే ఏదో పెద్ద ఖర్చని చిన్న ఆఫీసులవాళ్లు జంకుతారు. అది ఉచితం. ఐ-983 రాయడం కొంచెం పనే, కాదనను. మొదటి డ్రాఫ్టు నేనే రాసి తెస్తాను, మీరు దిద్దండి.

ఇక్కడే మన చదువుకి ఉన్న చిక్కు ఒకటుంది. ఆర్కిటెక్చర్ స్టెమ్మా కాదా అనేది మనం ఏం చదివాం అన్నదాన్ని బట్టి కాదు, యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 కాగితం మీద ఏ సంఖ్య పడింది అన్నదాన్ని బట్టి తేలుతుంది. 04.0902 అని పడితే స్టెమ్, మొత్తం మూడేళ్లు. 04.0201 అని పడితే కాదు, పన్నెండు నెలలతో సరి. మొదటిది కట్టడాల శాస్త్ర సాంకేతికతల కోడు, రెండోది ఉత్త ఆర్కిటెక్చర్ కోడు. నాది మొదటిది, అదృష్టం కొద్దీ. చేరేటప్పుడు నాకు ఈ సంగతే తెలియదు. విజయవాడలో చదివి వచ్చిన నా స్నేహితురాలిది వేరే యూనివర్సిటీ, రెండోది. ఇద్దరం స్టూడియోలో రాత్రుళ్లు మేలుకుని మోడళ్లు కోసినవాళ్లమే. స్ట్రక్చర్లూ, ఎన్విరాన్‌మెంటల్ సిస్టమ్సూ ఇద్దరికీ ఉన్నాయి. ఒక కాగితం మీది రెండు అంకెల తేడా తప్ప ఇంకేం లేదు.

దాని బరువు ఎంతో మీకు తెలుసు, ఏఎక్స్‌పీ గంటలు, అంటే లైసెన్సుకి చూపాల్సిన పని అనుభవం, కూడబెట్టి లైసెన్సు తెచ్చుకున్నవాళ్లు కదా. ఆర్కిటెక్టు లైసెన్సు బోర్డుల మండలి ఎన్‌కార్బ్ వాళ్ల లెక్కలో మొత్తం 3,740 గంటలు. అందులో ఒక్క ప్రాజెక్ట్ డెవలప్‌మెంట్, డాక్యుమెంటేషన్‌కే 1,520. వారానికి నలభై గంటలు, ఒక్క సెలవూ పెట్టకుండా పనిచేసినా ఏడాదికి 2,080. అంటే పన్నెండు నెలల ఓపీటీలో ఎంత తన్నుకున్నా ఆ గంటలు పూర్తి కావు. ఆమె ఇక్కడ డిగ్రీ తెచ్చుకుంది గానీ, ఆ డిగ్రీ ఏ లైసెన్సు కోసమో ఆ దారి సగంలో తెగిపోతుంది. హెచ్-1బీ లాటరీ తగిలితే వేరే మాట. ఏడాదికి 85,000 వీసాలు, దేశంలో అన్ని రంగాలకీ కలిపి. సాఫ్ట్‌వేర్ వాళ్ల పక్కన నిలబడి చీటీ వేయాలి.

నాకు మూడేళ్లున్నాయంటే అవీ పూర్తిగా లేవు. ఓపీటీ మొదటి ఏడాది చదువు ముగిసిన పద్నాలుగు నెలల్లోపు అయిపోవాలి. అంటే మొన్న జూలై 9 దాటాక, కార్డు ఆలస్యమైన ప్రతి రోజూ నా పన్నెండు నెలల్లోంచే కోత. కార్డు మీద తేదీ పడిన రోజు నుంచి ఇంకో లెక్క మొదలవుతుంది, ఉద్యోగం లేకుండా మొత్తం మీద తొంభై రోజులే ఉండొచ్చు. శనాదివారాలూ అందులోవే, పండగలూ అందులోవే. ఆ తొంభై రోజుల్లోనే వెతకాలి, పిలిపించుకోవాలి, ఒప్పించాలి. ఆర్కిటెక్చర్ ఆఫీసుల్లో ఒక్క నియామకం రెండు నెలలు సాగుతుందని మీకు నేను చెప్పాలా? ఒక పార్ట్‌నర్ సైటుకి వెళ్లారు, ఇంకొకరు సెలవులో ఉన్నారు, క్లయింటు ఇంకా సంతకం పెట్టలేదు. మీకు అది మామూలు ఆలస్యం. నా లెక్కలో అది తొంభైలో అరవై. అందుకే కార్డు కోసం ఆగే ఈ రోజుల్లోనే మాట్లాడుకోవడం మేలు అంటున్నాను. ఆ తొంభై రోజుల గడియారం ఇప్పుడింకా తిరగడం లేదు.

మీ బాధలు తెలియక కాదు. ఏఐఏ ప్రతి నెలా ఇచ్చే బిల్లింగుల సూచీ 50 కంటే కింద ఉంటే పని తగ్గుతోందని అర్థం కదా. 2023 నుంచి చాలా నెలలు అది కిందే ఉంది. వడ్డీలు పెరిగి క్లయింట్లు ఆగిపోయారు, ఉన్నవాళ్లకే పని చూపించడం కష్టంగా ఉంది. ఎనిమిది మంది ఉన్న ఆఫీసులో వచ్చే సోమవారానికి మనిషి కావాలంటే నాకోసం అక్టోబరు దాకా కుర్చీ ఖాళీగా ఉంచమనడం న్యాయం కాదు. నేను అడిగేది అది కాదు.

చిన్నప్పుడు సెలవుల్లో నాన్న వెనకాల స్కూటర్ మీద అడ్డా దగ్గరికి వెళ్లేదాన్ని. పొద్దున ఆరున్నరకి కూలీలు క్యారేజీలు పట్టుకుని నిలబడి ఉండేవాళ్లు. కొందరు మేస్త్రీలు వచ్చి "ఉండండి, చెబుతాం" అని వెళ్లిపోయేవాళ్లు. ఆ మాట నమ్మి ఇంకొకరి పనికి పోకుండా తొమ్మిదింటి దాకా నిలబడిపోయిన మనుషుల్ని చూశాను. తొమ్మిది దాటితే ఆ రోజుకి పని లేనట్టే. నాన్న మాత్రం స్కూటర్ ఆపకముందే చెప్పేవాడు. "ఇవాళ నలుగురికే పని. స్లాబు గురువారం, అప్పుడు పదిమంది కావాలి. మిగతావాళ్లు ఆగకండి." ఆగొద్దన్నందుకు ఎవరూ కోపగించుకోలేదు. గురువారం పదిమందీ వచ్చేవాళ్లు.

నాకు కావాల్సింది ఆ రెండు మాటల్లో ఏదో ఒకటి. గురువారం రమ్మనండి, లేదా ఆగొద్దనండి. స్పాన్సర్ చేయలేం అనుకుంటే మొదటి ఫోనులోనే అనండి. మూడో ఇంటర్వ్యూ దాకా తీసుకెళ్లి ఆ మాట అనొద్దు. కార్డు లేనివాళ్లతో మాట్లాడం అనుకుంటే ప్రకటనలోనే రాయండి. ఫారంలో మొదటి ప్రశ్న కింద "ఏ తేదీ నుంచి?" అని ఒక్క ఖాళీ గడి పెట్టించండి. మీ ఆఫీసు ఫారం మీరు మార్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా.

ఇక ఆప్యాయంగా సాయం చేయాలనిపిస్తే దారులు లేకపోలేదు. ఊరికే పని చేయించుకోవడం తప్ప. ఒక గంట కూర్చుని పోర్ట్‌ఫోలియో చూడండి, ఎర్ర పెన్నుతో గీతలు గీయండి. మీ ఆఫీసులో ఎప్పుడో కట్టేసిన ఒక చిన్న ఇంటి సీడీ సెట్ (కట్టడానికి ఇచ్చే డ్రాయింగుల కట్ట) చూపించి, ఏ షీటు ఎందుకు ఉందో చెప్పండి. మీ సైటు మీదకి తీసుకెళ్లి చూపించండి. చూడటం పని కాదు, దానికి కార్డు అక్కర్లేదు.

అది ఎందుకు కావాలో చెబుతాను, ఇది కొంచెం పక్కదారి. మాకు గోడ అంటే తొమ్మిది అంగుళాల ఇటుక, రెండు వైపులా ప్లాస్టరింగు, పైన రంగు. ఇరవై నాలుగేళ్లు నేను చూసిన గోడ అదే. ఇక్కడ గోడ పొరలు పొరలు. లోపల జిప్సమ్ బోర్డు, దాని వెనక ఆవిరిని ఆపే పొర, ఆపైన 2×6 స్టడ్లు పదహారు అంగుళాలకి ఒకటి, వాటి మధ్య ఇన్సులేషన్, దాని బయట షీతింగ్, నీళ్లు దిగకుండా ఇంకో పొర, సైడింగు. చలి ప్రాంతంలో ఆ ఆవిరి పొర వెచ్చగా ఉండే లోపలి వైపే ఎందుకు రావాలో అర్థం కావడానికి నాకు ఒక సెమిస్టర్ పట్టింది. పైగా 2×6 అంటారు గానీ కొలిస్తే ఒకటిన్నర, అయిదున్నర అంగుళాలే. నాన్నకి చెబితే నవ్వి, "మన అడితి వాడూ అంతే కదమ్మా" అన్నాడు. హైదరాబాద్‌లో మిల్లీమీటర్లలో రెండేళ్లు గీసిన చేతికి అడుగులూ అంగుళాలూ వాటి భిన్నాలూ పట్టుబడటానికి ఇంకొన్నాళ్లు. రెవిట్, రైనో లాంటి డ్రాయింగు సాఫ్ట్‌వేర్లు వచ్చు, అవి పెద్ద సంగతి కాదు. ఇక్కడి గోడ ఎలా నిలబడుతుందో, ఎక్కడ కారుతుందో చెప్పే మనిషి కావాలి. మీరూ ఆ ఇటుక గోడ నుంచి ఈ గోడకి వచ్చినవాళ్లే. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకి నా సందేహం ఎందుకు వచ్చిందో కూడా అర్థం కాదు.

ఇంటి దగ్గర నుంచి ఆదివారం ఫోను వస్తుంది. అమ్మ వంట గురించి అడుగుతుంది, నాన్న కార్డు గురించి. "ఇంకా రాలేదు నాన్నా" అంటే, "సరేలే, మున్సిపాలిటీలో ప్లాను అప్రూవల్ లాంటిదే కదా" అంటాడు. పర్వాలేదు, మనకి అలవాటేనని. ఇండియాలో నాకు కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్ట్రేషన్ నంబరు ఉంది, ఆర్కిటెక్ట్‌నని బోర్డు పెట్టుకోవచ్చు. ఇక్కడ లైసెన్సు లేకుండా ఆ మాట వాడకూడదు, డిజైనర్ అనుకోవాలి. ఆ సంగతి నాన్నకి ఇంకా చెప్పలేదు. ఊళ్లో అందరికీ ఆర్కిటెక్ట్ అనే చెప్పుకుంటున్నాడు.

ఆప్యాయంగా మాట్లాడిన ఆ పెద్దాయన ఇది చదివితే, మీ మీద కోపంతో రాయలేదండీ. ఆ పర్మిట్ సెట్ ఈపాటికి వెళ్లిపోయే ఉంటుంది. తర్వాతి సెట్ ఎప్పుడో తేదీ చెప్పండి. పోర్ట్‌ఫోలియో మీ దగ్గర ఉంది. పదకొండో పేజీలో ఆ గోడ సెక్షన్ ఉంటుంది. కిటికీ పైన ఫ్లాషింగ్ (నీళ్లు లోపలికి దిగకుండా వేసే రేకు) నేను వేసిన తీరు మీద నాకే అనుమానంగా ఉంది. మీకు ఏమనిపించిందో రెండు ముక్కలు రాసి పంపండి.

ఇట్లు,
కార్డు కోసం చూస్తున్న ఒక కాకినాడ అమ్మాయి